పర్లాకిమిడిలో షుగరు అంచు నుంచి వెనక్కి

హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష, నాకు 6.2 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా షుగరు ముందు దశ, 6.5 వస్తే షుగరే. మా ఇంట్లో రాత్రిపూట కూడా కంచం నిండా అన్నమే. ముందు అది మార్చాను. మొదట ఆనపకాయ కూర, ఉలవ గుగ్గిళ్లు; అన్నం చివర్లో, ఒక్క గరిటె. చోడి (రాగి) అంబలి మంచిదే గానీ జావలా తాగితే షుగరు త్వరగా పెరుగుతుంది. అందుకే చోడిరొట్టె, పక్కన పప్పు.

సాయంత్రం మహేంద్రతనయ నది వైపు వేగంగా నడక. 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగరు రావడం 58 శాతం తగ్గిందని 2002లో అమెరికా అధ్యయనం తేల్చింది. నేనూ అదే పట్టుకున్నాను. నడుము కూడా కొలుచుకోండి: మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు.

ఇప్పుడు నాది 5.6. మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం డాక్టరుగారిని అడక్కుండా తిండి తగ్గించకండి, షుగరు పడిపోవచ్చు.