సికిల్ సెల్ ఉన్న ఆదివాసీ పిల్లల్ని పెద్దల వైద్యంలోకి ఎలా చేర్చాలి?

పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు, భద్రాచలం వైపు సికిల్ సెల్ (రక్తంలో ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న పిల్లల్లో చాలామందికి వైద్యం సాగేది ఆశ్రమ పాఠశాల వల్లే. మాత్ర వేసుకున్నారో లేదో వార్డెన్ చూస్తారు. పరీక్షలకు ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ పథకం) బృందం బడికే వస్తుంది. నొప్పి వస్తే హాస్టల్ నుంచే ఆస్పత్రికి తీసుకెళ్తారు. పదో తరగతో ఇంటరో అయిపోగానే ఈ ఏర్పాటంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆర్‌బీఎస్‌కే 18 ఏళ్ల వరకే. పిల్లల వార్డు అంతకన్నా ముందే తలుపు మూసేస్తుంది. అమెరికాలోని డల్లాస్‌లో సికిల్ సెల్ పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, 18 దాటాక చనిపోయినవాళ్లలో ఎక్కువమంది పెద్దల వైద్యానికి మారిన కొద్దికాలానికే పోయారని తేలింది. జబ్బు కన్నా ఈ మధ్యలో వచ్చే ఖాళీయే ప్రమాదం. దాన్ని పూడ్చే పని టీచర్లు, ఆశా కార్యకర్తలు, ఇంట్లోని అన్నయ్యలు, అక్కయ్యలు కూడా చేయగలరు.

1. ఎనిమిదో తరగతిలోనే మొదలుపెట్టండి

పదో తరగతి పరీక్షల టెన్షన్‌లో ఈ మాటలు ఎవరికీ ఎక్కవు. 13, 14 ఏళ్లకే జబ్బు పేరు, వేసుకునే మాత్ర పేరు, ఎంత మోతాదు అన్నది పిల్లలే చెప్పగలగాలి. సికిల్ సెల్ పరీక్ష కార్డు మీద 'ట్రెయిట్' అని ఉందా, 'వ్యాధి' అని ఉందా చూపించి, రెండింటికీ తేడా విప్పి చెప్పండి. ట్రెయిట్ అంటే ఈ జబ్బు జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వచ్చిందని, వాళ్లకు మామూలుగా మందులు అక్కర్లేదు. వ్యాధి ఉన్నవాళ్లకు జీవితాంతం కావాలి. ఈ తేడా తెలియక, కార్డు ఉన్న ప్రతివాళ్లనూ రోగి అనుకునే ఊళ్లూ ఉన్నాయి, ఏమీ కాదులే అని మందులు మానేసేవాళ్లూ ఉన్నారు.

ఇంట్లో కువిలోనో గోండిలోనో మాట్లాడుకునే పిల్లలకు ఆ భాషలోనే చెప్పించండి. తెలుగులో చెబితే తల ఊపుతారు, అంతే.

2. మాత్రల బాధ్యత మెల్లగా చేతికివ్వండి

హైడ్రాక్సీయూరియా రోజూ వేసుకుంటే నొప్పి దాడులు తగ్గుతాయి. మానేస్తే వెంటనే ఏమీ కాదు, అందుకే మానేస్తారు. మొదట్లో నెలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి రక్తకణాల పరీక్ష చేయించాలి. సెలవులకు ఇంటికి పంపేటప్పుడు మాత్రలు తల్లిదండ్రులకు కాకుండా పిల్లల చేతికే ఇచ్చి, తిరిగొచ్చాక ఎన్ని మిగిలాయో లెక్క చూడండి. తిట్టకండి. తిడితే మిగిలినవి పారేసి వస్తారు.

ఇంకో జాగ్రత్త. హిమోగ్లోబిన్ తక్కువగా ఉందని ఎవరైనా ఐరన్ మాత్రలు ఇస్తే, సికిల్ సెల్ ఉందని చెప్పి డాక్టర్ని అడిగాకే వేసుకోవాలి. ఇక్కడ రక్తం తగ్గేది ఎర్రకణాలు తొందరగా విరిగిపోవడం వల్ల. పైగా తరచూ రక్తం ఎక్కించుకున్నవాళ్ల ఒంట్లో ఐరన్ ఇప్పటికే ఎక్కువగా ఉండొచ్చు.

3. ఒక్క పేజీ రాయించండి

నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. లావుపాటి ఫైలు క్యాజువాల్టీలో ఎవరూ తిప్పరు. పిల్లల డాక్టరు చేత ఒక్క పేజీలో ఇవి రాయించి, సంతకం, ముద్ర వేయించండి: జబ్బు రకం (ఎస్ఎస్ లేదా ఎస్-బీటా థలసీమియా), బ్లడ్ గ్రూప్, ఒంట్లో బాగున్నప్పుడు హిమోగ్లోబిన్ ఎంత, ఆక్సిజన్ ఎంత, ప్లీహం ఎంత పెరిగి ఉంది, ఇప్పటిదాకా ఎన్నిసార్లు రక్తం ఎక్కించారు, ఛాతీ సమస్యగానీ పక్షవాతంగానీ వచ్చిందా, ఏ టీకాలు పడ్డాయి, నొప్పికి ఏ మందు పనిచేస్తుంది, ఏది పడదు.

బాగున్నప్పటి హిమోగ్లోబిన్ ఎందుకంటే, సికిల్ సెల్ ఉన్న మనిషికి 7, 8 ఉండటం మామూలే కావచ్చు. కొత్త డాక్టరు ఆ అంకె చూసి కంగారుపడి అవసరం లేకుండా రక్తం ఎక్కించేయొచ్చు. లేదంటే 9 నుంచి 6కు పడిపోయిన మనిషిని "వీళ్లకు ఇంతేలే" అని పంపేయొచ్చు. నొప్పి మందు సంగతీ రాసి ఉండాలి. గట్టి మందు అడిగిన కుర్రాణ్ని అలవాటు పడ్డాడేమోనని అనుమానించడం పెద్దల వార్డుల్లో జరిగేదే. డాక్టరు సంతకమున్న కాగితం ఉంటే వాదించే పని తప్పుతుంది.

ఆ పేజీని ఫొటో తీసి పిల్లల ఫోన్లోనూ, ఆశా ఫోన్లోనూ పెట్టండి. అసలు కాగితం వానకు తడవకుండా లామినేట్ చేయించండి.

4. పెద్దల డాక్టర్ని నొప్పి లేని రోజున కలిపించండి

మొదటిసారే అర్ధరాత్రి నొప్పితో వెళ్లి పరిచయం చేసుకునే పరిస్థితి రాకూడదు. పిల్లల డాక్టరు దగ్గర ఇంకా చూపిస్తుండగానే జనరల్ మెడిసిన్ ఓపీకి ఓసారి తీసుకెళ్లండి. నెలనెలా మాత్రలకు దగ్గరి పీహెచ్‌సీ, ఏడాదికోసారి పెద్ద పరీక్షలకు జిల్లా ఆస్పత్రో మెడికల్ కాలేజీ ఆస్పత్రో పెట్టుకుంటే తిరగడం తగ్గుతుంది. ఏటా కళ్లు, మూత్రంలో ప్రొటీన్, కిడ్నీ, లివర్ చూడమని అడగాలి. తుంటి నొప్పి ఉంటే దాచొద్దు, అక్కడి ఎముకకు రక్తం అందకపోవడం ఈ జబ్బులో ఉన్నదే.

డాక్టరు ముందు మొదట మాట్లాడేది పిల్లలే. కాసేపు తల్లిదండ్రుల్ని బయట కూర్చోమనండి. సారా, సంబంధం, గర్భం గురించి నాన్న ఎదురుగా ఎవరూ నోరు విప్పరు.

5. దేనికి ఆగొద్దో గోడ మీద రాయండి

101 డిగ్రీలు దాటిన జ్వరం, ఛాతీ నొప్పితో ఆయాసం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, మాట తడబడటం, ఉన్నట్టుండి చూపు తగ్గడం, మందు వేసినా తగ్గని నొప్పి: వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. మగపిల్లల్లో అంగం గట్టిపడి గంటల తరబడి తగ్గకపోవడం కూడా ఎమర్జెన్సీయే. సిగ్గుపడి తెల్లారేదాకా ఆగితే శాశ్వత నష్టం జరగొచ్చని ముందే చెప్పి ఉంచండి.

ఏజెన్సీలో జ్వరమంటే అందరి ఆలోచనా మలేరియా మీదికే పోతుంది. ఆ పరీక్ష చేయించాల్సిందే. సికిల్ సెల్ వ్యాధి ఉన్నవాళ్లకు మలేరియా చాలా ప్రమాదం. కానీ మలేరియా లేదని తేలగానే ఇంటికి వచ్చేయకూడదు. ప్లీహం దెబ్బతిన్నవాళ్లకు వేరే ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చే ఊరైతే, ఎవరు మోస్తారు, 108 ఎక్కడికి వస్తుంది అన్నది ముందే మాట్లాడుకోండి. ఊళ్లో దిసారి (పూజలు చేసే ఆదివాసీ పూజారి) ఉంటే ఆయనకూ ఈ లక్షణాలు చెప్పండి. పూజ వద్దనకుండా, ముందు బండి ఎక్కించమని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

6. పనికి వెళ్లేవాళ్లను మర్చిపోవద్దు

బడి మానగానే చాలామంది మిర్చి ఏరడానికో, ఇటుక బట్టీలకో, హైదరాబాద్‌లో కట్టడాల పనికో పోతారు. ఎండ, దాహం, విపరీతమైన శ్రమ, మన్యం చలి, సారా అన్నీ నొప్పిని రప్పించేవే. వెళ్లేముందు మాత్రలు సరిపడా ఇప్పించండి, పనిచోటికి దగ్గర్లో ఉన్న ప్రభుత్వాస్పత్రి పేరు రాసివ్వండి. అక్కడి ఆర్‌ఎంపీ దగ్గర వరసపెట్టి నొప్పి ఇంజెక్షన్లు చేయించుకుంటే కిడ్నీలు దెబ్బతింటాయని హెచ్చరించండి.

7. పెళ్లి మాట రాకముందే

వ్యాధి ఉన్నవాళ్లు ట్రెయిట్ ఉన్నవాళ్లను చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం సగం. ఇద్దరికీ ట్రెయిట్ ఉంటే నాలుగో వంతు. మేనరికమైతే అవతలివాళ్లకూ ట్రెయిట్ ఉండే అవకాశం ఎక్కువ. పరీక్ష చేయించుకోమనాలి, అంతేగానీ పెళ్లి చేసుకోవద్దనే హక్కు మనకు లేదు. పిల్లల్ని కనాలనుకుంటే ఆడ, మగ ఎవరైనా హైడ్రాక్సీయూరియా గురించి ముందే డాక్టర్ని అడగాలి, సొంతంగా ఆపకూడదు. గర్భం అని తెలిసిన వెంటనే ఏఎన్ఎంకి సికిల్ సెల్ సంగతి చెప్పాలి.

8. కాగితాలు

15 ఏళ్లకు ఆధార్ బయోమెట్రిక్ అప్‌డేట్ తప్పనిసరి. అప్పుడే పేరు, పుట్టిన తేదీ బడి రికార్డుతో కలిసేలా చూడండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో సికిల్ సెల్ వ్యాధి ఉంది. యూడీఐడీ కార్డుకు (వికలాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తు చేయించండి. వైకల్యం 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం రిజర్వేషన్ వర్తిస్తుంది. పింఛను సంగతి ఆంధ్రలో సచివాలయంలో, తెలంగాణలో ఎంపీడీవో ఆఫీసులో అడగండి. ప్రభుత్వ బ్లడ్ బ్యాంకుల్లో సికిల్ సెల్ ఉన్నవాళ్లకు రక్తం ఉచితం, బదులుగా దాతను తెమ్మనకూడదు.

9. మొదటి ఏడాది వదలొద్దు

పెద్దల వైద్యానికి మారాక ఏడాదిపాటు నెలకోసారి ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. ఎవరన్నది పేరుపెట్టి ముందే తేల్చుకోండి. "అందరం చూస్తాం" అంటే ఎవరూ చూడరు. మాత్రలు ఉన్నాయా, పరీక్ష ఎప్పుడు, నొప్పి ఎన్నిసార్లు వచ్చింది అని అడిగితే చాలు. సిగ్నల్ లేని ఊరైతే సంత రోజున కలవండి. వరసగా రెండు నెలలు మందులకు రాకపోతే మూడో నెల దాకా ఆగకుండా ఆశా ఇంటికి వెళ్లి కనుక్కోవాలి.