పన్ను లెక్కకొచ్చే జీతం పన్నెండు లక్షల లోపే, మరి పన్ను ఎందుకు పడింది?

2025-26 ఆర్థిక సంవత్సరం, కొత్త పన్ను విధానం. ఏడాది జీతం 12,30,000 అనుకుందాం. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 11,55,000. 12 లక్షల లోపే కాబట్టి రిబేటు (పన్ను మాఫీ) వస్తుంది, కంపెనీ టీడీఎస్ (చెల్లింపులోనే ముందుగా కోసే పన్ను) కోయదు. చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు.

కానీ పన్ను పడేది అన్ని ఆదాయాల మొత్తం మీద. ఇంటద్దె నెలకు 10,000 వస్తే ఏడాదికి 1,20,000. అందులోంచి మీరు కట్టిన ఇంటిపన్ను 8,000 తీసేయండి (బకాయి పెట్టింది తీయకూడదు). మిగిలిన 1,12,000లో 30 శాతం, అంటే 33,600, మరమ్మతుల బిల్లులు లేకపోయినా తగ్గుతుంది. నికరంగా 78,400. దానికి ఎఫ్‌డీ వడ్డీ 6,600 కలపండి. బ్యాంకు టీడీఎస్ కోయనంత మాత్రాన వడ్డీ ఆదాయం కాకుండా పోదు. ఏఐఎస్‌లో (పన్ను శాఖ దగ్గరుండే మీ ఆదాయ వివరాల పట్టిక) కనిపిస్తూనే ఉంటుంది.

మొత్తం 12,40,000. రిబేటు పోయింది. శ్లాబుల ప్రకారం:

4–8 లక్షలకు 5 శాతం: 20,000
8–12 లక్షలకు 10 శాతం: 40,000
పైన ఉన్న 40,000కు 15 శాతం: 6,000

వెరసి 66,000. అయితే 12 లక్షలు దాటింది 40,000 మాత్రమే కాబట్టి, మార్జినల్ రిలీఫ్ వల్ల పన్ను కూడా 40,000 దగ్గర ఆగుతుంది. 4 శాతం సెస్సుతో 41,600.

పన్ను 10,000 దాటింది గనుక అడ్వాన్స్ ట్యాక్స్ (ఏడాది ముగియకముందే వాయిదాల్లో కట్టే పన్ను) కట్టాలి, లేదంటే వడ్డీ పడుతుంది. అద్దె, వడ్డీల వివరం కంపెనీకి ముందే ఇచ్చేస్తే జీతంలోనే కోసేస్తారు, అదే తేలిక.