యుద్ధాన్ని వ్యతిరేకించే పౌరులు బ్రిటన్‌లో చేయవలసినది

ప్రభుత్వం మన పేరున యుద్ధానికి దిగుతున్నప్పుడు వద్దని చెప్పడం పౌరధర్మం గనుక, ముందుగా మీ నియోజకవర్గ ఎంపీకి, సభలో ఓటింగు జరగకముందే, సొంత మాటల్లో ఉత్తరం రాసి, ఏ వైపు ఓటు వేస్తారో స్పష్టంగా అడగండి. ఓటర్ల జాబితాలో చేరిన భారత పౌరులకు, అంటే అక్కడి మన తెలుగువారికీ, పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఉంది.

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఊరేగింపు తీయదలిస్తే, 1986 నాటి పబ్లిక్ ఆర్డర్ చట్టం ప్రకారం తేదీ, సమయం, దారి, నిర్వాహకుల వివరాలను సాధారణంగా 6 పూర్తి రోజుల ముందే పోలీసులకు రాతపూర్వకంగా తెలపాలి.

2003 ఫిబ్రవరి 15న లండన్ వీధులు జనంతో నిండినా ఇరాక్ యుద్ధం ఆగలేదన్నది బాధాకరమైన నిజమే. కానీ 2013 ఆగస్టు 29న సిరియాపై సైనిక చర్యను పార్లమెంటు దిగువసభ అయిన కామన్స్ సభ 285-272 ఓట్లతో తిరస్కరించిన చర్చలో ఇరాక్ అనుభవం పదేపదే వినిపించింది. అందుచేత ఒక్క ఊరేగింపుతో ఆపక, ప్రతి ఓటింగుకూ ముందు మళ్ళీ రాయండి.