పళ్లెం దేనితో ఎగురుతుందో ముందు తేల్చండి, గేమ్ సంగతి తర్వాత

విజయనగరం గంటస్తంభం దగ్గర మాది జిరాక్స్ షాపు. రాత్రి తొమ్మిదికి షట్టర్ దించి, ఇంటికెళ్లి అన్నం తిని, పది నుంచి పన్నెండు దాకా ఫోన్లో ఆడే గేములు తయారుచేస్తుంటాను. మొదటిది పన్నెండు గ్రహాలు, నాలుగు జాతులు, ఒక మహాయుద్ధం అనుకుని మొదలుపెట్టాను. ఏడు నెలలకి తయారైంది ఒక మనిషి, వాడి నెత్తిన ఒక టోపీ. ఆ టోపీ ఇప్పటికీ పెన్‌డ్రైవ్‌లో ఉంది.

రెండోది ఐదు వారాల్లో అయిపోయింది. ఈసారి కథ జోలికి పోలేదు. ఎగిరే పళ్లెం, అంటే గ్రహాంతరవాసులు వస్తారనే ఆ గుండ్రటి ఓడ, అసలు దేనితో ఎగురుతుంది అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని కూర్చున్నాను. మీరూ అక్కణ్నుంచే మొదలుపెట్టండి.

ముందు క్యారమ్ బోర్డు తియ్యండి. పౌడర్ దండిగా చల్లి ఒక కాయిన్ కొట్టండి. గట్టు తగిలేదాకా పోతూనే ఉంటుంది. మధ్యలో ఆపాలంటే ఎదురుగా ఇంకో దెబ్బ పడాలి, పక్కకి తిరగాలంటే పక్కనుంచి పడాలి. రాకెట్టూ అంతే, వెనక్కి ఏదో ఒకటి తోస్తేనే ముందుకు పోతుంది. పళ్లెం చూశామనేవాళ్లు మాత్రం రెక్కల్లేవు, పొగ లేదు, ఉన్నపళంగా దిశ మార్చేసింది అంటారు. 2004 నవంబరులో అమెరికా నేవీ పైలట్ డేవిడ్ ఫ్రేవర్ పసిఫిక్ సముద్రం మీద చూశానని చెప్పిందీ ఇలాంటిదే. గ్రహాంతర యంత్రాలకు ఆధారమేమీ దొరకలేదని అమెరికా రక్షణ శాఖ 2024లో నివేదిక ఇచ్చింది. ఇవ్వనీండి. మనకి కావలసింది గేమ్‌కి ఒక నియమం.

ఒక చిన్న లెక్క వేయండి. కదలకుండా ఉన్నది ఒక్క సెకనులో గంటకి 3,600 కిలోమీటర్ల వేగం అందుకుందనుకుందాం. అంటే సెకనుకి 1,000 మీటర్లు. దాన్ని 9.8తో భాగిస్తే దాదాపు 102 జీ, అంటే భూమి మనల్ని లాగే బలానికి 102 రెట్లు. ప్రత్యేకమైన సూటు వేసుకున్న ఫైటర్ పైలట్ ఓర్చుకునేది 9 జీ దాకా. కాబట్టి లోపల మనిషి లేడనాలి, లేదా ఆ కుదుపు లోపలికి తెలియనివ్వని ఏర్పాటేదో ఉందనాలి. రెండింట్లో ఏదంటారో మీ ఇష్టం, కానీ ఒకటి అన్నాక దానికే కట్టుబడాలి.

ఇప్పుడు ఒక పద్ధతి ఎంచుకోండి. గాలిని కరెంటుతో తోసే పద్ధతి నిజంగానే ఉంది. 2018లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు కదిలే భాగాల్లేని చిన్న విమానాన్ని 40,000 వోల్టులతో 60 మీటర్లు ఎగరేశారు. కాకపోతే గాలి లేనిచోట అది దండగ.

నాకు ఇంకా నచ్చింది 1994లో మెక్సికో శాస్త్రవేత్త మిగెల్ ఆల్కుబియెర్రే రాసిన లెక్క. ఓడ కదలదు. దాని ముందున్న స్థలం ముడుచుకుంటుంది, వెనక ఉన్నది సాగుతుంది, మధ్యలో బుడగలాంటి చోట ఓడ కూర్చుని ఉంటుంది. లోపల కుదుపే ఉండదు, అంటే పై లెక్క గొడవ తీరిపోయింది. దీనికి నెగెటివ్ ఎనర్జీ, అంటే సున్నా కంటే తక్కువ శక్తి కావాలి, అది బజారులో దొరికేది కాదు. ఇంకో చిక్కుంది: కాంతిని మించి పోతున్నప్పుడు లోపలున్నవాడి సంకేతం బుడగ ముందు అంచుకి చేరదు. స్టీరింగ్ లేని బండన్నమాట. గేమ్ చేసేవాడికి ఆ చిక్కే బంగారం. ఒకసారి దూకావంటే ఆగేదాకా తిరగలేవు, నియమం దానంతటదే వచ్చేసింది.

పద్ధతి ఏదైనా ఈ వాక్యం పూరించండి: బటన్ నొక్కితే ఫలానాది జరుగుతుంది, కానీ ఫలానా నష్టం. ఒక్క గుక్కలో చెప్పలేకపోతే వదిలెయ్యండి. నేను చివరికి బరువు తిరగబడే పళ్లెం తీసుకున్నాను. దానికి సైన్సులో ఆధారం లేదు, కానీ నవ్వొస్తుంది. "బటన్ నొక్కితే పళ్లెం పైకి పోద్ది, కానీ చుట్టుపక్కలవన్నీ కూడా లేస్తాయి" అని మా మేనల్లుడికి చెప్పాను. "అయితే మేకలూ లెగుస్తాయేటి మావయ్యా?" అన్నాడు. గేమ్ అక్కడే పుట్టింది. తాటిచెట్ల మధ్య మేకలు మేస్తున్న మడి, పైన పళ్లెం, వంద లెక్కపెట్టేలోగా మేకలకి దెబ్బ తగలకుండా అవతలి గట్టుకి చేరాలి.

తర్వాత ఒక ఏ4 కాగితం తీసుకుని గేమ్‌లో ఉండాల్సినవన్నీ ఒకవైపే రాయండి. రెండోవైపు తిప్పాల్సి వచ్చిందంటే గేమ్ పెద్దదైపోయినట్టే. నా కాగితంలోంచి కొట్టేసినవి: లెవెల్స్, ఆన్‌లైన్ స్కోర్లు, పళ్లెం లోపల కూర్చునే మనిషి. మూడోది కొట్టేస్తుంటే బాధేసింది, వాడికీ టోపీ గీశాను మరి.

మొదటి వారం బొమ్మలు వద్దు. ఉత్త చతురస్రాలు చాలు. అవి ఎగురుతుంటే సరదాగా లేకపోతే బొమ్మలు గీసినా ఉండదు, నియమం మార్చండి. నేను వాడింది గోడో ఇంజిన్, అంటే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్, పైసా ఖర్చు లేదు. అందులో కింద వైపే ప్లస్, గురుత్వం మామూలుగా 980 ఉంటుంది. ముందు ఒక మైనస్ గుర్తు పెడితే మేక ఎగురుతుంది. నాకు రెండు రాత్రులు పోయింది మాత్రం ఇంకోచోట: పైకప్పుకి ఆనుకున్న మేక తానింకా గాల్లోనే ఉన్నాననుకుని కాళ్లాడిస్తూనే ఉంది. "పైకి" అంటే ఏ దిశో చెప్పే సెట్టింగు వేరేగా ఉంటుంది, దాన్నీ తిప్పాలి.

పళ్లెం మోత కోసం ఎక్కడా వెతకలేదు. అమ్మ గ్రైండర్‌లో పప్పు రుబ్బుతుంటే ఫోన్లో రికార్డు చేసి, స్పీడు సగానికి దించాను. గేమ్‌ని ఇచ్ డాట్ ఐఓ అనే సైట్‌లో ఉచితంగా పెట్టుకోవచ్చు. గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ షాపులో అయితే ఒక్కో గేమ్‌కి 100 డాలర్లు కట్టాలి, మొదటి గేమ్‌కి అవసరం లేదు.

పెట్టేముందు పరాయివాళ్ల చేత ఆడించండి. ఆధార్ జిరాక్సులకి వచ్చినవాళ్ల చేతికి ఫోనిచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన నిలబడేవాణ్ని. నోరు మూసుకోవడమే అన్నిటికంటే కష్టం. నెల్లిమర్ల నుంచి వచ్చిన ఒక పెద్దాయన బటన్ మీద వేలు తీస్తే ఒట్టు. "ఈ మేకని దించడం ఎలగ బాబూ?" అన్నాడు. వేలు వదలాలని ఆయనకి తెలియలేదంటే తప్పు నాదే. ఆ రాత్రే బటన్‌ని మిణుకుమనేలా చేశాను. ఆయన మూడు కాపీల డబ్బులు మర్చిపోయి వెళ్లిపోయి, మర్నాడు ఇవ్వడానికి వచ్చాడు. ఇచ్చాక కూడా కౌంటర్ దగ్గరే నిలబడి నా ఫోన్ వైపు చూస్తున్నాడు.