న్యూజెర్సీలో ఆకుల క్లీనప్: మాకు పనిచేసిన పద్ధతి

మా పెరట్లో ఓక్ చెట్లు ఎక్కువ. డబ్బిచ్చి ఆకులు తీయించినా వారం తిరిగేసరికి మళ్ళీ నిండిపోయేది. ఆకులు ఊదే బ్లోయర్ కొన్నాం, గంటల లెక్కన మనుషుల్ని పెట్టాం, లాభం లేదు.

ఈసారి ఓక్ ఆకు పూర్తిగా రాలిపోయేదాకా ఆగాం. మేపుల్ ముందే ఖాళీ అవుతుంది, ఓక్ నవంబరు చివరిదాకా లాగుతుంది. అప్పుడు దగ్గర్లోని ల్యాండ్‌స్కేపర్‌ని (పెరటి పనులు చేసేవాళ్ళని) పిలిచి, పెరడంతా తిప్పి చూపించాకే మొత్తం పనికి ఒకే రేటు అడిగాను. మెసేజ్‌లో రాయించుకున్నాను: ముందు ఇంటి కప్పు అంచున వాన నీరు పోయే గట్టర్లు, తర్వాత పొదల కింద, కంచె మూలల్లో, పోగులు వాళ్ళే తీసుకెళ్ళాలి. ఆ చివరి మాట చాలా ముఖ్యం. ఇక్కడ రోడ్డు పక్కన పోస్తే వాన నీటి కాలువకు 10 అడుగుల దూరం ఉండాలి, ఆకులు తీసుకెళ్ళే టౌన్ బండి వచ్చే తేదీ కూడా చూసుకోవాలి. అన్నీ చూసుకున్నాకే డబ్బిచ్చాను.

మేపుల్ చెట్లే ఉన్నవాళ్ళకి ఇంత ఆగనక్కర్లేదేమో. మంచు త్వరగా పడే ఊళ్ళలో అయితే ఆగడమే కష్టం.