కొత్త ఫైర్ స్టేషన్, మెయింటెనెన్స్ షెడ్డు కావాలని కౌన్సిల్‌ని ఒప్పించడం ఎలా

ఫైర్, పోలీస్, రోడ్లు, డ్రెయిన్లు చూసేవాళ్ళందరికీ కలిపి ఒక కొత్త బిల్డింగ్ కావాలని అడగబోతుంటే, దయచేసి ఆర్కిటెక్ట్ గీసిన రంగుల బొమ్మతో మాత్రం మొదలుపెట్టకండి. బొమ్మ కనపడగానే ఆ అద్దాలెందుకు, ముందర ఆ గార్డెనెందుకు అని అందరూ దాని మీదే వాదులాడుకుంటారు, పాత బిల్డింగ్‌లో పని ఎక్కడ ఆగిపోతోందో ఎవరికీ పట్టదు. ముందు చూపించాల్సింది పాత బిల్డింగే.

స్టాప్‌వాచ్ పట్టుకోండి. కాల్ వచ్చిన దగ్గర్నుంచి ఫైరింజన్ గేటు దాటేదాకా ఎంతసేపు పడుతోందో కొలవండి, ఒక్కసారి కాదు, పగలూ రాత్రీ, వానలో కూడా, అన్ని షిఫ్టుల్లోనూ. అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణకి ప్రమాణాలు రాసే ఎన్‌ఎఫ్‌పీఏ అనే సంస్థ 1710 స్టాండర్డ్ ప్రకారం ఫైర్ కాల్‌కి సిబ్బంది రెడీ అయి బయల్దేరడానికి 80 సెకన్లు, మొదటి ఇంజన్ స్పాట్‌కి చేరడానికి ఇంకో 240 సెకన్లు టార్గెట్. మీకు ఆ రూలు వర్తించకపోయినా పోల్చుకోవడానికి పనికొస్తుంది. తర్వాత ఆలస్యం ఎక్కడ అవుతోందో ముక్కలుగా విడదీయండి. పడుకునే గది పై అంతస్తులో ఉంటుంది, కోట్లూ బూట్లూ వెనకాల స్టోర్‌లో ఉంటాయి, తీరా కిందికి వచ్చేసరికి ఇంజన్‌కి అడ్డంగా గుంతలు పూడ్చే లారీ పెట్టి ఉంటుంది, దాని తాళాలు ఎవరి దగ్గరున్నాయో వెతుక్కోవాలి. ఆ లారీ తీయడానికి పట్టిన సెకన్లు విడిగా రాయండి, అప్పుడు మీ వాళ్ళే స్లో అనే మాటకి అక్కడే జవాబు దొరుకుతుంది.

సిబ్బంది ఆరోగ్యం సంగతి చాలామంది చివర్లో ఒక లైన్‌లో రాసి వదిలేస్తారు, నాకది అస్సలు నచ్చదు. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని డబ్ల్యూహెచ్‌ఓకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2012లోనే తేల్చి చెప్పింది, 2022లో ఫైర్‌ఫైటర్ల పనిని కూడా అదే గ్రూప్ 1లో, అంటే క్యాన్సర్ తెస్తాయని తేలినవాటి జాబితాలో పెట్టింది. షెడ్డులో ఇంజన్ స్టార్ట్ చేసిన ప్రతిసారీ పొగ మెట్ల మీదుగా పడుకునే గదిలోకి పోతోంటే, కోట్లు వేలాడేసిన చోట పట్టేస్తోంటే, అది సౌకర్యాల సమస్య కాదు కదా. ఇంజన్ వెనక గోడ మీది మసిని ఒక తెల్లగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని మీటింగ్ టేబుల్ మీద పెట్టండి.

మెయింటెనెన్స్ వాళ్ళని మర్చిపోవద్దు, అందరి సానుభూతీ ఫైర్ వాళ్ళకే పోతుంటుంది. లిఫ్ట్ మీద ఎత్తితే లారీ పైకప్పుకి తగులుతుందని మెకానిక్ బయట వానలో జాకీ వేసి కింద దూరి పని చేస్తుంటే, అదీ ఫొటో తీసి పెట్టండి. ఎండలో నిలబెట్టిన బళ్ళకి రబ్బరు పైపులు, సీళ్ళు తొందరగా పోతాయి కాబట్టి వాటి రిపేర్ బిల్లుల్ని షెడ్డులో ఉండే బళ్ళతో పోల్చండి, కాకపోతే ఒకే వయసు, ఒకే రకం పని చేసిన బళ్ళే తీసుకోండి, లేదంటే ఎవరో ఒకరు ఆ లెక్కని అక్కడే కొట్టిపారేస్తారు.

కొత్తది కట్టడం ఒక్కటే దారి అన్నట్టు రాయకండి. ఉన్నది రిపేర్ చేస్తే, పెంచితే, అసలేమీ చేయకపోతే ఎంతవుతుందో పక్కపక్కనే పెట్టండి. కరెంటు, నిర్వహణ ఖర్చు కూడా కలపండి. రిపేర్ లెక్కలో భూకంపాన్ని, వరదని తట్టుకునేలా చేసే ఖర్చు ఉందో లేదో చూడండి, 2001 భుజ్ భూకంపంలో అక్కడి సివిల్ హాస్పిటలే కూలిపోయింది, ఆపదలో ఆదుకోవాల్సిన బిల్డింగే పడిపోతే ఇక ఎవరొస్తారు?

అందరికీ ఒకే చోటు అంటే డీజిల్ బంకు, బళ్ళు కడిగే చోటు, జనరేటర్, ట్రైనింగ్ హాలు ఒక్కొక్కటి కడితే సరిపోతుంది, డబ్బు మిగిలేది అక్కడే. కానీ ఫైరింజన్ బయటికెళ్ళే దారిలోకి చెత్త లారీలు రివర్స్‌లో రాకూడదు, గేట్లు వేరుగా ఉండాల్సిందే, ఈ విషయంలో మాత్రం అస్సలు రాజీ పడొద్దు.

సైరన్ గోల అని చుట్టుపక్కలవాళ్ళు అంటారు, వాళ్ళని ముందే కలవండి. కౌన్సిలర్లని షిఫ్ట్ మారే టైంలో, బళ్ళన్నీ లోపల ఉన్నప్పుడు తీసుకెళ్ళండి, ముందు రోజు ఏమీ సర్దొద్దు, ఆఫీసర్ కాకుండా రోజూ ఆ పని చేసేవాళ్ళే చూపించాలి. కౌన్సిలర్లు అడిగిన ప్రతి ప్రశ్నా రాసుకుని, జవాబులు లెక్కలతో సహా ఓటింగ్‌కి ముందే అందరికీ పంపండి, వద్దన్నవాళ్ళకి అందరికన్నా ముందు.