కాటి పద్యం నడక: కవితలో చీకటి ఎలా కమ్ముతుంది

గుంటూరు, బెజవాడల్లో హరిశ్చంద్ర నాటకం చూసినవాళ్లకు కాటి సీను గురించి వేరే చెప్పక్కర్లేదు. జాషువా పద్యం ‘ఇచ్చోటనే’ అని ఎత్తుకోగానే జనం సద్దుమణుగుతారు. ఆ సీస పద్యాన్ని విప్పి చూడండి: కవి కలం, రాజముద్రిక, ఇల్లాలి నల్లపూసలు, చిత్రకారుడి కుంచె. అన్నీ రోజూ చూసే వస్తువులే. గుండె బరువెక్కేది పద్యం నడక వల్ల.

గణం అంటే కొన్ని అక్షరాల గుంపు, మాత్ర అంటే పొట్టి అక్షరం పలికేంత సేపు. సీస పాదంలో ఆరు ఇంద్ర గణాలు, వాటి వెనక రెండు సూర్య గణాలు ఉంటాయి. ఇంద్ర గణానికి నాలుగో ఐదో మాత్రలు, సూర్య గణానికి మూడే. ‘ఇచ్చోట’ త గణం అనే ఇంద్ర గణం, ఐదు మాత్రలు. అంత నిండుగా నడిచొచ్చిన పాదం చివర ‘గరగి’, ‘పోయె’ అని మూడు, మూడుకు కుంచించుకుపోతుంది. కలం కరిగేదీ అడుగు కురచయ్యేదీ ఒకచోటే. పాదం మొదట ఒకే మాట మళ్లీ మళ్లీ మోగుతుంటే, చివర అడుగు మళ్లీ మళ్లీ తెగుతుంటుంది.

అమెరికా కవి ఎడ్గార్ అలన్ పో 1845లో అచ్చయిన ‘ది రావెన్’ (కాకి) కవితలో చేసిందీ దీనికి దగ్గరే. 18 చరణాలు, చరణానికి ఆరు పాదాలు. ఐదు పాదాలు పొడుగ్గా సాగుతాయి, ఆరోది వాటిలో సగం కూడా ఉండదు.

మీరు రాసేటప్పుడు ముందు కాలపు లెక్క ఖాయం చేసుకోండి. కొత్తవాళ్లకు నాలుగు మాత్రల నడక మేలు: గణానికి 4, పాదానికి 16. లఘువుకు, అంటే పొట్టి అక్షరానికి, ఒక మాత్ర, గురువుకు రెండు. దీర్ఘం, సున్న ఉన్న అక్షరం, ఒత్తక్షరానికి ముందున్న అక్షరం గురువులు. బందరు కాలువ గట్టు మీద రాత్రి అనుకుని ఒక చరణం కడదాం:

కాలువ గట్టున కానుగ నీడలు
కాలికి తగిలీ తగలని జాడలు
రేవూ లేదూ నావా రాదూ
దీపం లేదు

మొదటి పాదంలో 12 అక్షరాలు, మూడోదాంట్లో 8. రెండిటికీ 16 మాత్రలే. మొదటిది గురువు, రెండు లఘువులుగా చకచకా నడుస్తుంది. మూడోది అన్నీ గురువులే కాబట్టి కాలు ఈడ్చినట్టు ఉంటుంది. చరణమంతా మొదటి పాదంలాగే రాస్తే పిల్లల పాటైపోతుంది. అన్నీ మూడోదానిలా రాస్తే చెవి అలవాటు పడిపోయి బరువు తెలియదు. వేగం ముందు, భారం తర్వాత.

నాలుగో పాదానికి ఏడు మాత్రలే. మిగతా తొమ్మిదీ మౌనం, చెవి వాటికోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. ‘లేదూ’ అని సాగదీసిన మాటే ఇక్కడ ‘లేదు’ అని తెగడం గమనించండి. ఇక్కడా దీర్ఘం పెడితే ఎనిమిది మాత్రలు నిండి, పాదం సగం దగ్గర హాయిగా కూర్చుంటుంది, ఉలికిపాటు పోతుంది. చివర మూడు చుక్కలు, ఆశ్చర్యార్థకం పెట్టి ఈ పని చేయించలేరు. పై మూడు పాదాల లెక్క సరిగ్గా ఉంటేనే ఆ తెగడం వినబడుతుంది. ఒకటి 15, ఒకటి 18 ఉంటే నాలుగోది కూడా పొరపాటనుకుంటారు.

ప్రాస దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. తెలుగులో చాలా క్రియలు ఒకేలా ముగుస్తాయి: వచ్చింది, పోయింది, ఏడ్చింది. ఊరికే దొరికే ఈ అంత్యప్రాస చీకటి కవితను సినిమా డ్యూయెట్ చేసేస్తుంది. బహువచనం ‘లు’ కలిస్తే చాలదు, దాని ముందు అక్షరం కూడా కలవాలి: నీడలు, జాడలు. మన ద్వితీయాక్షర ప్రాస ఇంకా మంచి పనిముట్టు. కాలువ, కాలికి: రెండో అక్షరం ‘ల’. పాఠకుడి కంట పడదు, లోపల మాత్రం ఎవరో వెంట వస్తున్నట్టు పనిచేస్తుంది. భయం కూడా మొదలయ్యేది అలాగే కదా! చరణం సగంలో ఈ ప్రాస వదిలేయండి. పై చరణంలో మూడో పాదం నుంచి అది లేదు, నేల జారినట్టు ఉంటుంది.

ఇక పల్లవి మాట. పో చివరి 11 చరణాల్నీ ‘నెవర్‌మోర్’ (ఇంకెన్నడూ లేదు) అనే ఒకే మాటతో ముగించాడు. 1846లో రాసిన వ్యాసంలో ఆ మాటకోసం సాగే ‘ఓ’, ‘ర’ ధ్వనుల్ని ఎంచుకున్నానని చెప్పాడు. కాకి చెప్పే జవాబు మారదు, మనిషి అడిగే ప్రశ్న మారుతుంది. మొదట పక్షి పేరు అడుగుతాడు, పోనుపోను చనిపోయిన ప్రియురాలిని మళ్లీ చేరతానా అని అడుగుతాడు. కాబట్టి ‘దీపం లేదు’ను మూడు చరణాల్లో వాడితే ఒకసారి గట్టు మీద, ఒకసారి ఇంటి గుమ్మంలో, ఒకసారి మనిషి కళ్లలో లేకుండా చేయండి. ముందు పాదం మారకుండా అదే మాట తిరిగొస్తే విసుగే మిగులుతుంది.

ఘ, ఢ, భ లాంటి ఒత్తి పలికే అక్షరాలు ఒక పాదంలో రెండు దాటనివ్వకండి, ప్రతినాయకుడి ప్రవేశంలా ఉంటుంది. మ, న, ల, ర, సున్నలు మెత్తగా చీకటి పరుస్తాయి.

రాశాక ఫోన్‌లో రికార్డు చేసి వినండి. తర్వాత మాటలు తీసేసి, అదే నడకను ‘తానన తానన’ అని కూనిరాగం తీయండి. నాలుగో పాదం దగ్గర మాటలు లేకుండానే గొంతు తడబడితే నడక కుదిరింది. తడబడకపోతే మాటల జోలికి పోకుండా మళ్లీ మాత్రలు లెక్కపెట్టండి.